పేపర్ల చుట్టరికాలు లెక్కగట్టాలంటే: ఏ డేటాబేస్, ఏ పద్ధతి, ఏ సాఫ్ట్‌వేర్?

చెన్నైలో పీహెచ్‌డీ చేస్తున్న మనవాళ్లలో చాలామందికి ఈమధ్య ఒక కొత్త పని నెత్తిన పడుతోంది. సబ్జెక్టు తోళ్ల రసాయనమైనా, ఫైనాన్స్ అయినా గైడ్‌గారు ఒకటే మాట అంటున్నారు: "లిటరేచర్ రివ్యూలో బిబ్లియోమెట్రిక్ అనాలిసిస్ కూడా పెట్టు." అంటే ఆ రంగంలో ఎవరు ఎవరితో కలిసి రాస్తున్నారో, ఎవరి పేపర్‌ని ఎవరు సైట్ చేస్తున్నారో, అంటే తమ రిఫరెన్సుల్లో చూపిస్తున్నారో, లెక్క తీసి, రంగురంగుల నెట్‌వర్క్ బొమ్మ గీసి చూపించాలి. తరమణి వైపు ఒక గ్రంథాలయంలో పనిచేస్తాను కాబట్టి ఆ తర్వాతి ప్రశ్నలు నెల్లూరు, ఒంగోలు, తిరుపతి యాసల్లో నా బల్ల దగ్గరికి వస్తుంటాయి. "అన్నా, స్కోపస్ తీసుకోనా, వెబ్ ఆఫ్ సైన్స్ తీసుకోనా? వీఓఎస్‌వ్యూయర్ సరిపోద్దా, ఆర్ నేర్చుకోవాలా?" మొదటి రెండూ పేపర్ల వివరాలు, సైటేషన్లు దొరికే డేటాబేస్‌లు, వీఓఎస్‌వ్యూయర్ నెట్‌వర్క్ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్, ఆర్ ఒక ప్రోగ్రామింగ్ భాష.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎక్కువమంది ఈ ఎంపికను తలకిందులుగా చేస్తున్నారు. ముందు యూట్యూబ్‌లో చూసిన సాఫ్ట్‌వేర్ దించుకుంటారు, తర్వాత దానికి పనికొచ్చే ఫైలు ఇచ్చే డేటాబేస్ వెతుకుతారు, తాము అడగదలచుకున్న ప్రశ్న ఏమిటో బొమ్మ వచ్చాక ఆలోచిస్తారు. పేర్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. రచయితల పేర్లు, అందులోనూ మన దక్షిణాది పేర్లు, సరిచేయకుండా గీసిన బొమ్మ ఎంత అందంగా ఉన్నా దాన్ని నమ్మడానికి లేదు. అందుకే సాఫ్ట్‌వేర్ గురించి ఇక్కడ చాలా కింద, చాలా తక్కువగా రాశాను.

ఈ లెక్కలు ఎక్కడో పడమటి దేశాల నుంచి ఊడిపడ్డాయని అనుకునేవాళ్లకు ఒక మాట. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తొలి లైబ్రేరియన్ అయిన ఎస్.ఆర్. రంగనాథన్ 1948లోనే గ్రంథాలయాల పనికి గణితాన్ని వాడాలంటూ 'లైబ్రామెట్రీ' అనే పేరు ప్రతిపాదించాడు. 'బిబ్లియోమెట్రిక్స్' అనే మాటను అలాన్ ప్రిచర్డ్ 1969లో వాడుకలోకి తెచ్చాడు. మన గైడ్‌లు అడుగుతున్న చాప్టర్‌కి ఈ ఊళ్లోనూ ఒక వేరు ఉంది.

కలిసి రాయడమా, సైట్ చేయడమా?

సహరచయితల నెట్‌వర్క్ చూపించేది మనుషుల మధ్య సంబంధం. ఒకే ల్యాబ్, ఒకే ప్రాజెక్టు, గైడ్–విద్యార్థి, పాత సహోద్యోగులు. సైటేషన్ నెట్‌వర్క్ చూపించేది ఆలోచనల మధ్య సంబంధం. అడయార్‌లో కూర్చున్న పరిశోధకురాలు బ్రెజిల్‌లో ఎవరో రాసిన పేపర్‌ని సైట్ చేస్తుంది. ఇద్దరికీ జన్మలో పరిచయం ఉండదు.

కాబట్టి మీ చాప్టర్‌లో చివరికి రాయబోయే వాక్యాన్ని ముందే ఊహించుకోండి. "మన దేశంలో ఈ పని ఫలానా సంస్థల మధ్య జరుగుతోంది" అనదలచుకుంటే మీకు కావలసింది సహరచయితల లెక్క. "ఈ రంగంలో మూడు ఆలోచనా ధారలు ఉన్నాయి" అనదలచుకుంటే సైటేషన్ లెక్క. రెండూ చేసుకోవచ్చు, తప్పులేదు. సహరచయితల బొమ్మలో గుంపులు చూసి "ఇవి మూడు సిద్ధాంతాలు" అని రాయడం మాత్రం తప్పు. అవి మూడు బిల్డింగులు కూడా కావచ్చు.

పేపర్ మీద పేరుంటే పనిచేసినట్టేనా అన్నది మరో ప్రశ్న. పరికరం ఇచ్చినందుకు, కుర్చీలో ఉన్నందుకు పేరు చేరడం అందరికీ తెలిసిందే. ఎవరు ఏం చేశారో చెప్పడానికి 'క్రెడిట్' అనే వర్గీకరణ ఉంది. ఆలోచన, పద్ధతి, ప్రయోగం, డేటా, నిధులు, రాత ఇలా 14 పాత్రలు. 2022లో అమెరికాలో అది అధికారిక ప్రమాణమైంది. చాలా జర్నల్స్ ఆ ప్రకటనను పేపర్ చివర వేస్తున్నాయి. మీ దగ్గర యాభై, అరవై పేపర్లే ఉంటే కూర్చుని చదివి పాత్రలను పట్టిక వేసుకోవడం ఏ నెట్‌వర్క్ బొమ్మ కన్నా ఎక్కువ చెబుతుంది. రెండు వేల పేపర్లుంటే అది కుదిరే పని కాదు, సహరచయితల లెక్కతోనే సరిపెట్టుకోవాలి.

పేర్ల దగ్గరే అసలు తంటా

డేటాబేస్‌లన్నీ పడమటి పద్ధతిలో ఆలోచిస్తాయి. చివరి మాట ఇంటిపేరు, మిగతావి పొడి అక్షరాలు. మనకు ఇంటిపేరు ముందుంటుంది, చాలాసార్లు ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది. చివరన ఉండే రావు, రెడ్డి, నాయుడు, శర్మ ఇంటిపేర్లే కావు. అయినా డేటాబేస్ 'రావు, కె.ఎస్.' అని రాసుకుని చేతులు దులుపుకుంటుంది. అలాంటి కె.ఎస్. రావులు దేశంలో ఎందరో! చెన్నైలో దీనికి ఇంకో మెలిక తోడవుతుంది. తమిళుల ఇనీషియల్ సాధారణంగా తండ్రి పేరు. ఇక్కడి ఫారాల్లో "ఇనీషియల్ విడదీసి రాయండి" అని ఉంటే వాళ్లు అడిగేది నాన్న పేరు, మనం రాసేది ఇంటిపేరు. సర్టిఫికెట్‌లో ఒక రూపం, పాస్‌పోర్టులో మరో రూపం, మొదటి పేపర్‌లో మూడో రూపం. ముగ్గురు మనుషులు తయారు.

దీనివల్ల ఏమవుతుందో యల్లాప్రగడ సుబ్బారావు ఉదాహరణ చెబుతుంది. భీమవరంలో పుట్టి, మద్రాస్ మెడికల్ కాలేజీలో చదివి, హార్వర్డ్‌కి వెళ్లిన ఆయన 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రచురించాడు. జీవరసాయనంలో విపరీతంగా సైట్ అయిన పేపర్లలో అదొకటి. అందులో ఆయన రెండో రచయిత. యల్లాప్రగడ ఇంటిపేరు, సుబ్బారావు సొంత పేరు, అయితే పేపర్ల మీద సుబ్బారావే ఇంటిపేరు స్థానంలో కూర్చుంది. పైగా వెబ్ ఆఫ్ సైన్స్ నుంచి దించుకునే ఫైలులో, సైట్ అయిన పేపర్లకు మొదటి రచయిత పేరొక్కటే ఉంటుంది. ఫిస్కే, 1925, జర్నల్ పేరు, సంపుటం, పేజీ. అంతే. ఆ ఫైలుతో 'ఎక్కువగా సైట్ అయిన రచయితలు' అని బొమ్మ గీస్తే ఫిస్కే పెద్ద గుండ్రంగా కనిపిస్తాడు, సుబ్బారావు కనిపించడు. స్కోపస్ ఫైలులో రిఫరెన్సుల రచయితలందరి పేర్లూ వస్తాయి. రచయితల స్థాయిలో సైటేషన్ సంబంధాలు చూడాలనుకునేవాళ్లకు రెండు డేటాబేస్‌ల మధ్య ఉన్న అతి ముఖ్యమైన తేడా నా దృష్టిలో ఇదే. జర్నల్స్ సంఖ్య గురించి పోట్లాడుకునేవాళ్లు దీన్ని చాలావరకు చూడరు.

ఇంకో ఉదాహరణ సి.ఆర్. రావు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి కలకత్తా వెళ్లిన ఆయన 1945 పేపర్‌లోని ఫలితం ఇప్పుడు 'క్రామెర్–రావు హద్దు' అనే పేరుతో ప్రతి స్టాటిస్టిక్స్ పాఠంలోనూ ఉంది. వాడేవాళ్లలో ఎక్కువమంది ఆ 1945 పేపర్‌ని రిఫరెన్సుల్లో వేయరు. పేరు చెప్పి ముందుకెళ్తారు, లేదా ఏదో పాఠ్యపుస్తకాన్ని సైట్ చేస్తారు. మీ రంగంలో బాగా పాతబడి అందరి నోళ్లలో నానే ఫలితం ఉంటే సైటేషన్ లెక్కకు అది తక్కువగానే దొరుకుతుంది. దానికి ఏ డేటాబేస్ మార్చినా లాభం లేదు, మాటల్లో చెప్పుకోవాల్సిందే. ఆయన పేరు కూడా 'సి.ఆర్. రావు', 'సి. రాధాకృష్ణ రావు' అని రెండు రకాలుగా అచ్చయింది. కల్యంపూడి అనే ఇంటిపేరు రెండు చోట్లా 'సి' అనే అక్షరమే.

పేర్ల తప్పులు రెండు రకాలు. ఒకే మనిషి ముక్కలవడం మొదటిది. పలువురు ఒక్కరైపోవడం రెండోది. చాలామంది మొదటిదానికి భయపడతారు కానీ నెట్‌వర్క్‌లో రెండోదే ఎక్కువ చేటు. వ్యవసాయంలో ఒక రావుగారు, లేజర్లలో ఒకరు, కామర్స్‌లో ఒకరు కలిసి ఒక్క చుక్క అయిపోతే ఆ చుక్క మూడు రంగాలనూ కలిపే వంతెనలా కనిపిస్తుంది. మధ్యవర్తిత్వం కొలిచే లెక్కల్లో అదే మొదటి స్థానానికి వచ్చేస్తుంది. విద్యార్థి ఉత్సాహంగా "ఈయన బహుళ రంగాల నాయకుడు" అని రాసేస్తాడు. అలాంటి నాయకుడు ఎవరూ లేరు.

2012లో మొదలైన ఆర్కిడ్ గుర్తింపు సంఖ్య, 16 అంకెలది, ఇందుకే పుట్టింది. మీకు లేకపోతే ఈరోజే తీసుకోండి, డబ్బులేమీ అడగరు. అయితే మీరు విశ్లేషించే పాత పేపర్ల రచయితలకు అది ఉండదు. స్కోపస్ తన సొంత రచయిత సంఖ్య ఇస్తుంది. అది యంత్రం పోల్చి ఇచ్చేది, తప్పులుంటాయి, సరిచేయమని అడిగే వీలుంది. చందా లేనివాళ్లు కూడా స్కోపస్ ప్రివ్యూలో తమ ప్రొఫైల్ చూసుకోవచ్చు. మిగిలిన శుభ్రం మీరే చేయాలి. వీఓఎస్‌వ్యూయర్‌లో థెసారస్ ఫైలు అనే సదుపాయం ఉంది. రెండు నిలువు వరుసల టెక్స్ట్ ఫైలు, ఎడమవైపు తప్పు రూపం, కుడివైపు సరైన రూపం. విడిపోయిన పేర్లను అది కలుపుతుంది. కలిసిపోయిన పేర్లను విడదీయడం దానివల్ల కాదు. దానికి సంస్థ పేరు, సహరచయితలు చూసుకుంటూ అసలు ఫైలులోనే పేరు మార్చాలి. రెండు వందల పేర్లకు పైగా ఉంటే అన్నీ చూడక్కర్లేదు. సైటేషన్లలోనో, లింకుల్లోనో పైన ఉన్న మొదటి నలభై, యాభై మందిని ఒక్కొక్కరిగా చూడండి. అక్కడి తప్పే బొమ్మను చెడగొట్టేది.

ఏ డేటాబేస్?

వెబ్ ఆఫ్ సైన్స్ అన్నిటికన్నా పాత వంశం. యూజీన్ గార్‌ఫీల్డ్ 1955లో 'సైన్స్' పత్రికలో సైటేషన్ సూచిక ఆలోచన రాసి, 1964లో దాన్ని అచ్చులోకి తెచ్చాడు. ఇప్పుడు క్లారివేట్ అనే కంపెనీ చేతిలో ఉంది. దీని బలం కాలం. 1900 దాకా వెనక్కి వెళ్లొచ్చు, మీ సంస్థ ఆ పాత సంవత్సరాలకు చందా కట్టి ఉంటే. ఆ 'ఉంటే' ముఖ్యం. రెండు కాలేజీల్లో ఒకే వెతుకులాటకు రెండు అంకెలు రావడానికి చాలాసార్లు కారణం ఇదే. మీ లైబ్రేరియన్‌ని అడిగి ఏ ఏడాది నుంచి ఉందో రాసుకోండి. పాత రంగపు చరిత్ర రాసేవాళ్లకు, ఒక ఆలోచన అరవై ఏళ్లలో ఎలా పాకిందో చూపించేవాళ్లకు ఇది మంచిది.

స్కోపస్‌ని 2004లో ఎల్సెవియర్ అనే ప్రచురణ సంస్థ తెచ్చింది. జర్నల్స్ ఎక్కువ, కాన్ఫరెన్స్ పేపర్లు బాగా దొరుకుతాయి, మన దేశపు జర్నల్స్ కూడా వెబ్ ఆఫ్ సైన్స్ ముఖ్య సూచికల కన్నా ఎక్కువ. రిఫరెన్సులు 1970 నుంచే ఉన్నాయి. అంతకుముందు జరిగిన సైటేషన్ దాని లెక్కలో ఉండదు. ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్ విద్యార్థికి నేను సాధారణంగా దీన్నే చెబుతాను. రచయితలందరి పేర్లూ వస్తాయన్న కారణం పైన చెప్పాను కదా.

గూగుల్ స్కాలర్ కూడా అదే 2004 నవంబరులో వచ్చింది. థీసిస్‌లు, ప్రిప్రింట్లు (జర్నల్‌లో రాకముందే నెట్‌లో పెట్టే పేపర్లు), భారతీయ భాషల వ్యాసాలు అన్నీ ఏరుకొస్తుంది, అందుకే సైటేషన్ అంకె ఎప్పుడూ పెద్దగా కనిపిస్తుంది. తమ సీవీలో అందరూ ఈ అంకే వేసుకోవడంలో ఆశ్చర్యమేమీ లేదు. కానీ సంబంధాలు కొలవడానికి ఇది పనికిరాదని నేను గట్టిగా చెబుతాను. ఒక పేపర్ రిఫరెన్సుల జాబితాను అది ఫైలుగా ఇవ్వదు, ఎక్కువ రికార్డులను ఒకేసారి దించుకోనివ్వదు. 'పబ్లిష్ ఆర్ పెరిష్' అనే ఉచిత ప్రోగ్రాంతో వెతికినా ఒక వెతుకులాటకు వెయ్యి ఫలితాలే. నాణ్యత సంగతి తెలియాలంటే 2010 నాటి ఐక్ అంట్కారే కథ చాలు. ఫ్రాన్సులో సిరిల్ లాబే అనే పరిశోధకుడు, ఒక ప్రోగ్రాం అల్లిన అర్థంలేని పేపర్లు 102 నెట్‌లో పెట్టి, ఒకదానితో ఒకటి సైట్ చేయించి, ఈ లేని మనిషికి 94 హెచ్-ఇండెక్స్ (కనీసం 94 సైటేషన్ల చొప్పున ఉన్న పేపర్లు 94 అని చెప్పే అంకె) తెప్పించాడు. గూగుల్ స్కాలర్ వాటినీ లెక్కలో వేసుకుంది.

ఓపెన్‌అలెక్స్ అనే బహిరంగ డేటాబేస్ గురించి ఇంకా చాలామందికి తెలియదు. 2021 చివర మైక్రోసాఫ్ట్ అకడమిక్ అనే పేపర్ల వెతుకులాట సేవ మూతపడ్డాక, ఆ డేటాను పునాదిగా తీసుకుని 2022 జనవరిలో 'అవర్‌రిసెర్చ్' అనే లాభాపేక్ష లేని సంస్థ దీన్ని మొదలుపెట్టింది. అలెగ్జాండ్రియా గ్రంథాలయం పేరు పెట్టుకుంది. డేటాను ఎవరైనా తీసుకోవచ్చు, తిరిగి పంచుకోవచ్చు. పారిస్‌లోని సోర్బాన్ యూనివర్సిటీ 2023 చివర వెబ్ ఆఫ్ సైన్స్ చందా ఆపేస్తున్నట్టు ప్రకటించి దీనివైపు వచ్చింది. యూనివర్సిటీలకు ర్యాంకులిచ్చే లైడెన్ ర్యాంకింగ్ వాళ్లు 2024లో దీని ఆధారంగా ఒక బహిరంగ ర్యాంకింగ్ కూడా తెచ్చారు. చందా లేని కాలేజీలో ఉన్నవాళ్లకు ఇదే నా మొదటి సలహా. చిన్న జర్నల్స్, మన దేశపు జర్నల్స్ ఇందులో ఎక్కువ. లోపాలూ ఉన్నాయి. కొన్ని జర్నల్స్‌కి రిఫరెన్సుల జాబితా ఖాళీగా ఉంటుంది, సంస్థల పేర్లు తప్పుతాయి, ఒకే పేరున్న మన రచయితలను కలిపేయడం, విడగొట్టడం రెండూ జరుగుతాయి. దించుకున్న పేపర్లలో ఎన్నిటికి రిఫరెన్సులు సున్నా అని చూపిస్తోందో ముందు చూడండి. ఆ వాటా పెద్దదైతే సైటేషన్ బొమ్మకు దీన్ని వాడొద్దు, సహరచయితల బొమ్మకు పనికొస్తుంది.

డైమెన్షన్స్ అనే డేటాబేస్ కూడా ఉంది, 2018లో వచ్చింది. ఉచిత రూపం ఉంది, దాని ఫైలు వీఓఎస్‌వ్యూయర్‌కి పనికొస్తుంది. మిగతావాటి మధ్య తేల్చుకోలేకపోతే తప్ప దానికోసం పరుగెత్తే అవసరం నాకైతే కనిపించలేదు.

రెండు డేటాబేస్‌లు కలపొచ్చా అని అడుగుతారు. కలపొచ్చు, కానీ ఒకే పేపర్ రెండుసార్లు వస్తుంది, రిఫరెన్సులు రాసే తీరు వేరు కాబట్టి ఒకే పాత పేపర్ రెండు పేపర్లుగా మారుతుంది. సైటేషన్ సంబంధాలకు ఒక్కటే డేటాబేస్ తీసుకుని, దాని పరిమితి ఒప్పుకుంటూ రాయడం మంచిదని నా మాట.

ఏ సంబంధం కొలవాలి?

సైటేషన్ సంబంధాలు మూడు రకాలు. ఒక పేపర్ ఇంకోదాన్ని నేరుగా సైట్ చేయడం మొదటిది. మిగతా రెండిటికీ మన చుట్టరికాలే సరైన పోలిక. ఇద్దరికీ తాతముత్తాతలు ఒకరే అయితే అది పుట్టుకతో వచ్చిన బంధం, ఇక మారదు. రెండు పేపర్ల రిఫరెన్సుల్లో ఒకే పాత పేపర్లు ఉంటే అలాంటిదే, దాన్ని బిబ్లియోగ్రాఫిక్ కప్లింగ్ అంటారు. కెస్లర్ 1963లో చెప్పాడు. ఇక ఊళ్లో వాళ్లంతా ఇద్దరిని ఎప్పుడూ జంటగానే పెళ్లిళ్లకు పిలుస్తుంటే ఆ బంధం బయటివాళ్లు కలిపింది, ఏడాదికేడాది పెరగొచ్చు, తగ్గొచ్చు. రెండు పాత పేపర్లను కొత్త పేపర్లు కలిపి సైట్ చేయడం అలాంటిది, అది కో-సైటేషన్. 1973లో హెన్రీ స్మాల్, అదే ఏడాది సోవియట్ యూనియన్‌లో ఇరీనా మార్షకోవా విడివిడిగా ప్రతిపాదించారు.

ఎంపిక ఇక్కడే తేలిపోతుంది. గత నాలుగైదేళ్లలో పుట్టిన అంశమైతే, వాటిని ఇంకా ఎవరూ పెద్దగా సైట్ చేసి ఉండరు, కో-సైటేషన్ బొమ్మలో ఆ కొత్త పేపర్లు ఉండవు. కప్లింగ్ వాడండి. ఒక రంగపు పునాదులు ఏమిటి, ఏ పాత పేపర్ల మీద అది నిలబడింది అన్నది ప్రశ్నయితే కో-సైటేషన్. ఒక ఆలోచన వరసగా ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపించాలంటే నేరు సైటేషన్, దానికి కాలవ్యవధి పొడవుగా ఉండాలి. రెండేళ్ల పేపర్లతో నేరు సైటేషన్ గీస్తే బొమ్మంతా విడివిడి చుక్కలే.

పరిశోధకుల్లోనూ దీనిమీద మాట మారింది. కెవిన్ బోయాక్, రిచర్డ్ క్లావన్స్ 2010లో పోల్చి చూసి కప్లింగ్ కొద్దిగా మెరుగు, నేరు సైటేషన్ అన్నిటికన్నా వెనక అన్నారు. అదే ఇద్దరూ 2017లో, పొడవైన కాలానికి, చాలా పెద్ద డేటాతో చూసి నేరు సైటేషన్‌కే మొగ్గు చూపారు. ఎవరైనా "ఫలానాదే సరైన పద్ధతి" అని ఒక్క పేపర్ చూపించి వాదిస్తే, ఎంత డేటా, ఎన్నేళ్లు అని అడగండి.

పేపర్ల బదులు రచయితల మధ్య కో-సైటేషన్ చూడటం 1981లో వైట్, గ్రిఫిత్ మొదలుపెట్టారు. మంచి పద్ధతి. కాకపోతే పేర్ల తంటా అంతా దీని మీదే వచ్చిపడుతుంది. సుబ్బారావు కనిపించకుండా పోయేది ఇందులోనే.

వాటా పంచడం

ఒక పేపర్‌కి నలుగురు రచయితలు. నలుగురికీ తలో ఒకటి వేస్తే పూర్తి లెక్క. తలో 0.25 వేస్తే భాగాల లెక్క. వరసకు విలువిచ్చే హార్మోనిక్ లెక్కలో వరసగా 0.48, 0.24, 0.16, 0.12 వస్తాయి. సహరచయితల నెట్‌వర్క్‌లో ఈ తేడా భూతద్దంలో కనిపిస్తుంది. పూర్తి లెక్కలో నలుగురి పేపర్ ఆరు జతలను తయారుచేస్తుంది. 2015లో సెర్న్ అనే కణ భౌతిక పరిశోధన కేంద్రం నుంచి హిగ్స్ బోసాన్ ద్రవ్యరాశి మీద వచ్చిన పేపర్‌కి 5,154 మంది రచయితలు. ఆ ఒక్క పేపర్‌తో కోటీ 32 లక్షలకు పైగా జతలు. అలాంటిది ఒకటి మీ డేటాలో ఉంటే మిగతా అన్నిటినీ మింగేస్తుంది. అందుకే భాగాల లెక్క వాడండి. వీఓఎస్‌వ్యూయర్‌లో ఒక్క టిక్కుతో అయిపోతుంది, 25 మందికి మించి రచయితలున్న పేపర్లను అది మామూలుగానే పక్కన పెడుతుంది. మీది ఫిజిక్స్ లేదా క్లినికల్ ట్రయల్స్ అయితే ఆ హద్దును చూసి మార్చుకోండి.

హార్మోనిక్ అందంగా ఉంటుంది కానీ ఒక చిక్కు. గణితంలో, ఆర్థికశాస్త్రంలో చాలాచోట్ల పేర్లు అక్షరక్రమంలో వేస్తారు. వైద్యంలో, జీవశాస్త్రంలో ల్యాబ్ పెద్ద చివరన ఉంటాడు. వరసకు మీ రంగంలో అర్థం ఉందో లేదో గైడ్‌ని అడగకుండా ఆ లెక్క ముట్టుకోవద్దు.

హెచ్-ఇండెక్స్ గురించి రెండు ముక్కలు చాలు. హిర్ష్ 2005లో ఇచ్చిన ఈ అంకె మనిషిని కొలుస్తుంది, సంబంధాన్ని కాదు. రచయిత ఒక్కడే రాశాడా, నలభై మందితో రాశాడా అన్న తేడా దానికి తెలియదు, ఒకసారి పెరిగితే తగ్గదు. బిబ్లియోమెట్రిక్ చాప్టర్‌లో పట్టిక నింపడానికి దాన్ని వేయకండి.

సాఫ్ట్‌వేర్ ఆఖరున

ప్రోగ్రామింగ్ రాకపోతే వీఓఎస్‌వ్యూయర్. లైడెన్‌లో వాన్ ఎక్, వాల్ట్‌మన్ చేశారు, ఉచితం, పైన చెప్పిన మూడు పద్ధతులూ, సహరచయితలూ అన్నీ చేస్తుంది. ఓపెన్‌అలెక్స్ నుంచి నేరుగా కూడా లాక్కోగలదు. సంవత్సరాల వారీ పట్టికలు, చరిత్ర గీత, అన్నీ ఒకేచోట కావాలంటే బిబ్లియోమెట్రిక్స్ (bibliometrix) అనే ఆర్ ప్యాకేజీ, దానికున్న బిబ్లియోషైనీ ముఖంతో కోడ్ రాయకుండానే బండి లాగించవచ్చు. ఏ సమయంలో ఏ అంశం ఒక్కసారిగా ఎగసిందో చూడాలంటే సైట్‌స్పేస్, నేర్చుకోవడానికి ఓపిక కావాలి. మీరే చేత్తో తయారుచేసుకున్న నెట్‌వర్క్ అయితే గెఫీ.

బొమ్మ వచ్చాక ఒక పొరపాటు దాదాపు అందరూ చేస్తారు. "ఎడమవైపు సిద్ధాంతం, కుడివైపు అనువర్తనం" అని రాస్తారు. వీఓఎస్‌వ్యూయర్ బొమ్మలో ఎడమ, కుడి, పైన, కింద అనే దిక్కులకు అర్థం లేదు. బొమ్మను తిప్పినా, అద్దంలో చూపినా అదే బొమ్మ. దగ్గర, దూరం మాత్రమే చదవాలి. రంగుల గుంపులు ఎన్ని అన్నది కూడా మీరు పెట్టిన రిజల్యూషన్ అంకెను (గుంపులను ఎంత సన్నగా విడదీయాలో చెప్పేది) బట్టి మారుతుంది. ఆ అంకె మార్చినా నిలిచే గుంపుల గురించే మాట్లాడండి.

తెలుగు సాహిత్య పరిశోధకులకు

మద్రాసు విశ్వవిద్యాలయం తెలుగు శాఖ లాంటి చోట్ల ఉన్నవాళ్లు ఈ గోలంతా తమది కాదనుకుంటారు. నిజమే, తెలుగు వ్యాసాలు స్కోపస్‌లో, వెబ్ ఆఫ్ సైన్స్‌లో దాదాపు ఉండవు, ఓపెన్‌అలెక్స్‌లోనూ రిఫరెన్సులు ఉండవు. కానీ మన దేశపు థీసిస్‌లను నెట్‌లో ఉంచే శోధగంగలో వందల తెలుగు థీసిస్‌లున్నాయి, చివర ఉపయుక్త గ్రంథసూచి ఉంటుంది. మీ అంశం మీద ముప్ఫై థీసిస్‌లు తీసుకుని, వాటి గ్రంథసూచులను ఎక్సెల్‌లో ఎక్కించుకుంటే కప్లింగ్, కో-సైటేషన్ రెండూ చేయొచ్చు. ఏ విమర్శకుణ్ణి ఎవరితో జతగా తలుస్తున్నారో, ఏ యూనివర్సిటీ వాళ్లు ఏ పుస్తకాలు అసలు ముట్టుకోవడం లేదో కనిపిస్తుంది. ఇక్కడా పేర్లే ముందు చూసుకోవాలి. కలం పేరు, అసలు పేరు, ఇంటిపేరుతో, ఇంటిపేరు లేకుండా, ఒకే రచయిత నాలుగు రూపాల్లో ఉంటాడు. ఒక పుస్తకానికి నాలుగు ముద్రణలుంటే ఏ ఏడాది వేయాలో ముందే ఒక నియమం పెట్టుకోండి, మొదటి ముద్రణ ఏడాది అని పెట్టుకోవడం సులువు. సూచిలో లేకుండా వ్యాసం మధ్యలో "ఫలానా వారన్నట్టు" అని వదిలేసిన ప్రస్తావనలను లెక్కలోకి తీసుకుంటారా లేదా అన్నది కూడా మొదటి థీసిస్ తెరిచేముందే తేల్చుకోండి, పదిహేనో థీసిస్ దగ్గర మనసు మారితే మళ్లీ మొదటినుంచి రావాలి.

ఏం ఎంచుకున్నా మెథడాలజీలో ఇవి రాయండి: డేటాబేస్ పేరు, మీ సంస్థ చందా ఏ ఏడాది నుంచి, వెతికిన మాటలు యథాతథంగా, దించుకున్న తేదీ, పూర్తి లెక్కా భాగాల లెక్కా, బొమ్మలోకి రావడానికి కనీస హద్దు (ఎన్ని పేపర్లు, ఎన్ని సైటేషన్లు) ఎంత పెట్టారో. థెసారస్ ఫైలును అనుబంధంగా జతచేయండి. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ "ఈ రావు, ఆ రావు ఒకరేనా?" అని అడిగితే ఆ పేజీ తీసి చూపించవచ్చు.